తలకోన వెళ్తున్నారా? ముందు తడి బండ మీద అడుగు వేయడం తెలుసుకోండి

ఏడాదికి మూడు నాలుగుసార్లు తిరుపతి దగ్గరున్న తలకోన జలపాతానికి వెళ్లడం నాకు చాలాకాలంగా అలవాటు. ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరు బండల మీద జారిపడటం చూస్తూనే ఉన్నాను. ఒకరికి మోకాలు చీరుకుపోతుంది, ఇంకొకరికి మణికట్టు విరుగుతుంది. మా బావమరిదికి అలా విరిగిన చెయ్యి అతుక్కోవడానికి రెండు నెలలు పట్టింది. దారి ఎటు, తినడానికి ఏం దొరుకుతుంది అని అందరూ అడుగుతారు. నీళ్ల దగ్గర కాలు ఎక్కడ పెట్టాలని మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, ఆ సంగతి వివరంగా చెబుతాను.

ఎప్పుడు వెళ్లాలి

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అవి తెరిపిచ్చి నాలుగైదు రోజులు గడిచాక వెళ్లాలి. డిసెంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు దాకా నీళ్లు నిండుగానూ, తేటగానూ ఉంటాయి. మే నెలలో వెళ్లి సన్నటి ధారను చూసి పెదవి విరిస్తే తప్పు కోనది కాదు. తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో అసలు బయలుదేరకండి. ఆదివారాలు, కార్తీక సోమవారాలు, శివరాత్రి కూడా వద్దు. అక్కడి గుడిలో సిద్ధేశ్వరస్వామి దర్శనానికి వచ్చే జనంతో దారి నిండిపోతుంది, బండల మీద వెనకనుంచి తోసేవాళ్లు ఎక్కువవుతారు. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి వెళ్లాలి.

ఎలా చేరాలి, ఏం పట్టుకెళ్లాలి

తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే. పీలేరు రోడ్డులో రంగంపేట దాటి, ఘాట్ ఎక్కి దిగి, భాకరాపేటలో కుడివైపు తిరిగితే నెరబైలు మీదుగా తలకోన వస్తుంది. ఊరు ఎర్రావారిపాలెం మండలంలోది. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. సొంత బండి లేకపోతే ఆర్టీసీ బస్సు ఉంది. బస్సులో వెళ్లేవాళ్లు దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో డ్రైవరునే అడిగి పెట్టుకోండి. ఉదయం తొమ్మిదికల్లా గుడి దగ్గర ఉండేలా బయలుదేరాలి.

సంచిలో మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర, పెరుగన్నం, తువ్వాలు, ఒక జత పొడి బట్టలు, కట్టు కట్టడానికి గుడ్డ. రెండు భుజాలకూ తగిలించుకునే సంచే తీసుకోవాలి, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. భుజాన ఒకవైపు వేలాడే సంచి నడిచేటప్పుడు మనిషిని ఒక పక్కకు లాగుతుంది. అన్నం స్టీలు డబ్బాలో కట్టుకోండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు వినిపిస్తే చాలు, కోతులు మీదికి వస్తాయి.

చెప్పులు వద్దు. హవాయి చెప్పులైతే మరీ వద్దు. పాత కాన్వాస్ బూట్లు వేసుకుని, ఇంకో జత పాత నూలు సాక్సులు జేబులో పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

గుడి నుంచి జలపాతం దాకా

ఇక్కడ కష్టమేమీ లేదు. స్వామికి దండం పెట్టుకుని, మెట్ల దారిలో, చెట్ల కింద నిదానంగా నడవడమే. ఇది 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. చుట్టూ ఉన్న శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. మొసలి వీపులా పగుళ్లు తేలిన నల్లటి బెరడు కనిపిస్తే అది ఎర్రచందనం. మన రాయలసీమ, నెల్లూరు వైపు కొండల్లో తప్ప ఆ చెట్టు తనంతట తాను పెద్దగా ఎక్కడా పెరగదు. చెట్ల మీదుగా పాకిపోయే గిల్లతీగను తప్పకుండా ఆగి చూడండి. కొన్నిచోట్ల దాని కాండం మనిషి నడుమంత లావు ఉంటుంది. కాయ చేతి పొడవు దాటుతుంది. ఓపికుంటే చెట్ల మధ్య కట్టిన 240 మీటర్ల తాళ్ల వంతెన కూడా ఎక్కవచ్చు. కానీ ముందు జలపాతం, తర్వాతే వంతెన. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే బండల మీద నడవాలి.

జలపాతం చూడాలనే ఆత్రంతో చాలామంది ఈ దారిని పరుగున దాటేస్తారు. అలా చేస్తే నీళ్ల దగ్గరికి చేరేసరికి గుండె దడదడలాడుతూ, కాళ్లు వణుకుతూ ఉంటాయి. బండల మీద కాలు పెట్టే ముందు పది నిమిషాలు కూర్చోవాలి. కూర్చుని అక్కడ నడిచేవాళ్లను చూడండి. ఎవరు ఎక్కడ జారుతున్నారో చూస్తే మీరు కాలు పెట్టకూడని చోట్లు ముందే తెలిసిపోతాయి.

బండల మీద నడవడం

ఇక అసలు సంగతికి వస్తాను. నింపాదిగా చదవండి.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకన్నా ఎత్తైనది లేదని చెబుతారు. దాని కింద, చుట్టూ ఉన్న గుండ్లను నీళ్లు ఏళ్లతరబడి అరగదీసి నునుపు చేశాయి. వాటి మీద రెండు రకాల తడి ఉంటుంది. మొదటిది ఒట్టి తడి. రాయి లేతరంగులో గరుకుగా ఉండి, చేత్తో రాస్తే చెయ్యి ఆగుతుంది. దాని మీద నడవచ్చు. రెండోది పాచి పట్టిన తడి. రాయి ముదురాకుపచ్చగానో, నల్లగానో మెరుస్తుంది, వేలు పెడితే సబ్బులా జారుతుంది. అందరూ పడేది దీని మీదే. ముఖ్యంగా నలుపును నమ్మకండి. అది రాయి రంగని అనుకుంటారు, చాలాసార్లు అది ఎండి మళ్లీ తడిసిన పాచి.

అనుమానం ఉన్న ప్రతి చోటా ముందు చేత్తో తాకాలి, తర్వాతే కాలు. వంగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఇరవై అడుగులు నడవడానికి పది నిమిషాలు పట్టినా పరవాలేదు.

అడుగు చిన్నదిగా వేయాలి. మడమో, మునివేళ్లో ముందు ఆనించడం కాకుండా పాదం మొత్తం ఒక్కసారే ఆనాలి. మోకాళ్లు కొంచెం వంచి ఉంచండి. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మెల్లగా మార్చాలి. ముందు కాలు నిలిచిందని తెలిసేదాకా వెనక కాలు ఎత్తకూడదు. రాయి మీదినుంచి రాయి మీదికి దూకడం పూర్తిగా మానేయండి. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం దూకినప్పుడు తగిలినవే. లోతు పాదం మునిగేంతే ఉంటే, గుండు మీద కాకుండా రెండు గుండ్ల మధ్య అడుగున కాలు పెట్టడం మంచిది. జారినా కాలు పోవడానికి చోటుండదు. కానీ నురగ వల్ల అడుగు కనిపించకపోతే అక్కడ కాలు పెట్టకూడదు. రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే ఒక్కరే బయటపడటం చాలా కష్టం.

ఇప్పుడు సాక్సుల సంగతి. పాచి ఉన్న చోటు రాగానే ఆ నూలు సాక్సులను బూట్ల మీద తొడుక్కోండి. రబ్బరు పాచి మీద జారుతుంది, నూలు పోగులు దాన్ని పట్టుకుంటాయి. ఒట్టి కాళ్లే మంచివని పట్టుబట్టేవాళ్లు చాలామంది. నేనూ మొదట్లో ఒట్టి కాళ్లతోనే నడిచాను. పట్టు బాగానే ఉంటుంది, కాదనను. కానీ చన్నీళ్లలో పావుగంట గడిస్తే పాదాలు మొద్దుబారి కింద ఏముందో తెలియదు. పగిలిన సీసా పెంకు గుచ్చుకున్నా పైకి వచ్చి రక్తం చూసేదాకా తెలియలేదు నాకు. ఆ తర్వాత ఒట్టి కాళ్లతో ఎప్పుడూ దిగలేదు.

వంక, అంటే వాగు, దాటాల్సి వస్తే నీళ్లు మోకాలి కిందే ఉండాలి. మోకాలు దాటిన ప్రవాహం మనిషిని సులువుగా పడగొడుతుంది. నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టి, చేతికర్ర ముందు ఆనించి, పీతలా పక్కకు జరగాలి. సంచి నడుము పట్టీ ముందే ఊడదీయండి, పడితే సంచి వదిలేయడానికి వీలుంటుంది. పదిమంది చేతులు పట్టుకుని గొలుసులా దాటడం నాకు నచ్చదు. ఒకరు జారితే మిగతావాళ్లనూ లాగేస్తారు. ఒక్కొక్కరే దాటాలి, దాటినవాళ్లు ఒడ్డున ఆగి చూడాలి. పిల్లల్ని చంకనెత్తుకుని దాటకండి. వాళ్లతో ఇవతల ఒడ్డునే ఆడుకోండి.

ధార కింద సరిగ్గా నిలబడటం పెద్ద తప్పు. 270 అడుగుల ఎత్తు నుంచి పడిన రాయికి కిందికి రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే, నేలను తాకేసరికి దాని వేగం గంటకు 140 కిలోమీటర్లు. నీళ్ల హోరులో అది వస్తున్న చప్పుడు వినిపించదు. తుంపర మీద పడేంత దూరంలో ఉంటే చాలు, తడవాలన్న కోరిక తీరుతుంది. ఇక మడుగులోకి తలకిందులుగా దూకడం ప్రాణాలతో చెలగాటం. అడుగున గుండ్లు ఉంటాయి, పైకి కనిపించవు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా చనిపోయిన చోటు అది. బోర్డు పెట్టిన చోట దిగవద్దు, కాపలా మనిషి లేకపోయినా దిగవద్దు.

అన్నిటికన్నా గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది వరద. మనం నిలబడిన చోట ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడుతూ ఉండవచ్చు. ఆ నీళ్లు చెప్పి రావు, కానీ గుర్తులు ఇస్తాయి. తేట నీళ్లు ఎర్రమట్టి రంగుకు మారతాయి. ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తాయి. హోరు బరువెక్కుతుంది. ఇందాక పొడిగా ఉన్న రాయి తడుస్తుంది. వీటిలో ఒక్కటి కనిపించినా చాలు. ఫోటో ఆపి, బట్టలూ చెప్పులూ వెతుక్కోకుండా, పక్కనున్న గట్టు మీదికి ఎక్కేయాలి. వంకకు అవతల ఉండిపోతే తిరిగి దాటే ప్రయత్నం చేయకండి. ఎత్తులో కూర్చుని నీళ్లు తగ్గేదాకా ఆగండి. నేనొకసారి అలా ఆగాను. ఆకలేసింది, చలేసింది, ఇంట్లోవాళ్లు టెన్షన్ పడ్డారు, కానీ క్షేమంగా తిరిగి వచ్చాను.

తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం మూడున్నరకు నీళ్ల దగ్గర నుంచి బయలుదేరాలి. దిగేటప్పుడు మెట్ల మీద కూడా బూట్ల తడి వల్ల జారుతుంది కాబట్టి, ముందు సాక్సులు తీసి అడుగులు తుడుచుకోండి. పొడి బట్టలు మార్చుకుని, తెచ్చిన చెత్తంతా సంచిలో వేసుకుని, గుడి దగ్గరికి వచ్చేయండి. చీకటి పడ్డాక ఆ అడవిలో ఉండకూడదు. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి, భాకరాపేట వైపు ఏనుగులు కూడా తిరుగుతాయి. టీ తాగి, వెలుగుండగానే ఘాట్ దాటండి.