కొండ ఊళ్లలో తుపాను వెలిసిన తరువాత చేయవలసిన పనులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరం పడిన పాట్లను దేశమంతా చూసింది. అదే గాలి తూర్పు కనుమలు ఎక్కి అనంతగిరి, అరకు, పాడేరు ప్రాంతాల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను వరుసలు వరుసలుగా పడగొట్టిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. మైదానంలో తుపాను అంటే నిలిచిన నీరు. కొండ మీద నీరు నిలవదు. నేలను కోసుకుంటూ, దారిని తెంపుకుంటూ, ఊట మీద బురద కప్పుకుంటూ కిందికి పోతుంది. అందువల్ల మైదాన గ్రామాల కోసం రాసిన జాగ్రత్తలు ఏజెన్సీ గ్రామాలకు సగమే పనికివస్తాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ గ్రామాలను దృష్టిలో ఉంచుకుని ఈ సూచనలు రాస్తున్నాను. పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం కొండల్లో ఉన్నవారికి కూడా ఇవి చాలావరకు సరిపోతాయి.

ఘాట్ రోడ్డు మీద చెట్లు, మట్టి తొలగి వాహనం ఊరి దాకా రావడానికి రోజులు పట్టవచ్చు కనుక, మొదటి వారం ఊరికి ఊరే దిక్కు. ఆ వారంలో ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నదే అసలు విషయం. తోటలో పడిన చెట్టు కళ్లకు ముందుగా కనిపిస్తుంది, మనసు అటే పోతుంది. కానీ తోట పది రోజులు ఆగగలదు. కొండవాలు, తాగునీరు ఆగవు.

గాలి తగ్గిన తొలి రెండు రోజులు

ఉధృతంగా వీస్తున్న గాలి హఠాత్తుగా ఆగిపోతే తుపాను వెళ్లిపోయిందని బయటికి రావద్దు. తుపాను కన్ను మీదుగా వెళ్లే చోట కొంతసేపు గాలి సద్దుమణిగి, ఆ తరువాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. మొదటి గాలికి ఒరిగి నిలిచిన చెట్లు రెండవ గాలికి కూలుతాయి. రేడియోలోనో ఫోనులోనో వాతావరణ శాఖ మాట వినిన తరువాతనే కదలాలి.

వాన వెలిసిన తరువాత కూడా నానిన కొండవాలు ఒకటి రెండు రోజులు ప్రమాదకరంగానే ఉంటుంది. ఇంటికి ఎగువన నేలలో కొత్త పగుళ్లు కనిపించినా, నిటారుగా ఉండే స్తంభాలు, చెట్లు ఒక వైపుకు వాలినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, గెడ్డలో (కొండవాగులో) నీరు ఒక్కసారిగా ఎర్రబారినా, వాన పడుతూనే ఉండగా గెడ్డ నీరు అకస్మాత్తుగా తగ్గినా ఆ ఇంట్లో రాత్రి పడుకోకూడదు. ఈ చివరిదాన్ని చాలామంది మంచి సూచనగా పొరబడతారు. ఎగువన ఎక్కడో మట్టి జారి గెడ్డకు అడ్డుకట్ట పడిందని, అది తెగితే బురద వరదగా వస్తుందని దాని అర్థం. వాలుకు అడ్డంగా పక్కకు నడిచి గట్టు మీదికి చేరాలి తప్ప, గెడ్డ వెంబడి కిందికి పరుగెత్తకూడదు. పెద్ద బండల కింద, గుహలాంటి చోట్ల తలదాచుకోవడం కొండ మనుషులకు అలవాటైన పనే అయినా, ఇలాంటి వానలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, సరిహద్దు అవతల ఒడిశాలోని గజపతి జిల్లాలో గుహలో తలదాచుకున్న గ్రామస్థులు కొండచరియ విరిగిపడి చనిపోయారు.

తెగిపడిన కరెంటు తీగ దగ్గరికి ఎవరూ పోకుండా దూరంగా ఒక మనిషిని కాపలా ఉంచి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు తెలియజేయాలి. సరఫరా లేదు కదా అని తీగను కర్రతో పక్కకు నెట్టడం తగదు. ఎప్పుడు తిరిగి వస్తుందో ఊరివారికి తెలియదు.

నీళ్లు, దారి, కప్పు

చాలా కొండ ఊళ్లకు ఎగువ ఊట నుంచి గొట్టం వేసి ట్యాంకుకు దింపిన నీరే ఆధారం. తుపాను తరువాత కుళాయిలో నీరు వస్తున్నదని తృప్తిపడకుండా ఇద్దరు ముగ్గురు ఊట దాకా వెళ్లి చూడాలి, ఎందుకంటే ఊట తొట్టిలో ఆకులు, బురద, ఒక్కొక్కసారి చచ్చిన జంతువులు కూడా చేరి ఉంటాయి. ముందు ట్యాంకుకు వెళ్లే వాల్వు కట్టేసి, తొట్టిని ఖాళీ చేసి కడిగి, గొట్టంలో బురద పోయి తేటనీరు వచ్చేదాకా బయటికే వదిలి, ఆ తరువాత ట్యాంకు నింపాలి. తేటనీటికైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. అంటే 5000 లీటర్ల ట్యాంకుకు 12 లేదా 13 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకుండా బకెట్‌లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, నీరు పోసి, అడుగుకు దిగిన సున్నాన్ని వదిలేసి పైతేటను మాత్రమే ట్యాంకులో పోసి గంటసేపు ఆగాలి. ఏడాదిగా మూత తెరిచి ఉన్న సంచిలోని పొడి ఘాటు పోయి ఉంటుంది, దానిని నమ్ముకోవద్దు. ఇవేవీ అందుబాటులో లేకపోతే గుడ్డతో వడకట్టి, తెర్లే దాకా మరగబెట్టిన నీళ్లే తాగాలి. విరేచనాలు మొదలైతే లీటరు మరిగించి చల్లార్చిన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టిస్తూ ఉండాలి. ఉప్పు కొలత మించితే పసిపిల్లలకు హాని చేస్తుంది.

దారి శుభ్రం చేయడమంటే వాహనం తిరిగే దారినంతా మొదటి రోజే తెరవడం కాదు. డోలీ మోసే నలుగురు పక్కపక్కన నడవగలిగినంత దారి తెరిస్తే మొదటి రోజుకు అది చాలు. 108 వాహనం ఎక్కడి దాకా రాగలదో ఒక మనిషిని పంపి కనుక్కుని, ఆ చోటు పేరును ఊరందరికీ చెప్పాలి. నెలలు నిండిన గర్భిణి ఉంటే నొప్పులు వచ్చేదాకా ఆగకుండా, వాన తెరిపి ఇచ్చిన మొదటి ఉదయమే రోడ్డుకు దగ్గరగా ఉన్న బంధువుల ఇంటికో ఆసుపత్రికో చేర్చడం మేలు. నిండుగా పారే గెడ్డను మోకాలి లోతే కదా అని దాటవద్దు. కొండ నీటి తోపుడు లోతు కన్నా వేగాన్ని బట్టి ఎక్కువగా ఉంటుంది.

ఇంటి కప్పు విషయంలో తొందర వద్దు, ఆలస్యమూ వద్దు. తడిసిన మట్టిగోడ మీదికి మనిషి ఎక్కితే గోడే కూలవచ్చు. పెంకులు ఎగిరిపోయిన చోట ముందు వాసాలు, దూలాలు సరిగా ఉన్నాయో చూసి, టార్పాలిన్‌ను ఇంటి కొప్పు దాటించి రెండు వైపులా దింపి, రాళ్ల బరువు పెట్టడానికి బదులు తాళ్లతో కట్టాలి. గాలికి జారిన రాయి నేరుగా నెత్తిన పడుతుంది. అక్టోబరు దాటితే తొమ్మిది వందల మీటర్లకు పైబడిన ఈ ఊళ్లలో రాత్రి చలి బాగా ముదురుతుంది కనుక, పొడి దుప్పట్లు, పొడి కట్టెలు తిండిగింజలతో సమానంగా దాచుకోవలసిన వస్తువులు.

కొత్త పెంకులు తెచ్చేలోపల, పగిలిన పెంకుకైనా, కూలిన గోడకైనా ఒక్క చెయ్యి వేయక ముందే ఫోటోలు తీయాలి. ఈ మాట మళ్లీ చెప్పవలసి వస్తుంది.

కూలిన చెట్టును కోయడం

తుపానులో తప్పించుకున్నవారు ఆ తరువాతి వారంలో చెట్లు కోస్తూ గాయపడతారు. నిలబడిన చెట్టును నరకడంలో పండిపోయిన చేతికి కూడా పడిన చెట్టు కొత్తదే, ఎందుకంటే దాని మానులో బిగువు దాగి ఉంటుంది. రెండు చివరలా ఆని, మధ్యలో గాలిలో ఉన్న మాను పైభాగాన నొక్కుకుని, కింది భాగాన సాగి ఉంటుంది. దానిని పైనుంచి కోసుకుంటూ పోతే రంపం బిగుసుకుంటుంది. ముందు పైన మూడోవంతు లోతు గాటు పెట్టి, మిగతాది కింది నుంచి కోయాలి. ఒక చివర మాత్రమే ఆని, రెండో చివర వేలాడుతున్న కొమ్మకు ఇది తలకిందులు: ముందు కింద గాటు, తరువాత పైనుంచి కోత. ఏ వైపు నొక్కుకున్నదో తెలియని మాను జోలికి పోకుండా ఉంచేయడమే తెలివి.

వేళ్లతో సహా పెళ్లగిలి పడిన చెట్టు మరీ మోసకారి. మాను బరువు తీసేయగానే వేళ్ల గడ్డ మట్టితో సహా గభాలున వెనక్కి లేచి తన గుంటలో కూర్చుంటుంది. ఆ గుంటలో ఆ సమయంలో పిల్లవాడు ఉంటే ఏమవుతుందో రాయనవసరం లేదు. కోతకు ముందు గుంట వైపు ఎవరూ లేరని చూసుకోవడమే కాక, మొదలు దగ్గర మనిషి ఎత్తు మాను విడిచి ఆపైన కోయాలి. వాలు మీద ఎప్పుడూ చెట్టుకు ఎగువ వైపే నిలబడాలి. పక్క చెట్టు మీదికి ఒరిగి ఆగిన చెట్టు కింద ఏ పనీ పెట్టుకోకూడదు. పడినది అటవీ భూమిలోని చెట్టయితే గొడ్డలి ఎత్తక ముందే అటవీ సిబ్బందికి చెప్పి ఉంచితే తరువాత తగాదా ఉండదు.

కాఫీ తోట

సిల్వర్ ఓక్ పడినప్పుడు దాని కింద పదుల కాఫీ మొక్కలు అణగిపోతాయి. మానును ఈడ్చుకుపోతే బతికే మొక్కలు కూడా విరుగుతాయి కనుక, పొట్టి దుంగలుగా కోసి ఎత్తి తీయాలి. వేళ్లు తెగకుండా ఒరిగిన మొక్కను నేల తడిగా ఉన్నప్పుడే మెల్లగా లేపి, ఊతకర్ర కట్టి, బయటపడిన వేళ్ల మీద మట్టి ఎగదోయాలి. కాండం చీలిన మొక్కను పీకి పారేయవద్దు: నేల నుంచి జానెడు పైన ఏటవాలుగా కోసి, కోత మీద బోర్డో పేస్టు అనే తెగులు మందు పూస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి గిల్లేస్తే మూడో ఏట పంట చూడవచ్చు. బోర్డో పేస్టుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు కావాలి. రెండింటినీ వేరువేరుగా కరిగించి, ఇనుప పాత్ర తగలకుండా కలపాలి.

ఇంతవరకు అందరూ చేస్తారు. తోటను నిజంగా చంపేది ఆ తరువాత వస్తుంది. పైనున్న నీడ కొమ్మలు పోయి తెరుచుకున్న తోటలో ఎండ నేరుగా కాండం మీద పడుతుంది, ఎండ పడిన అరబికా రకం కాఫీ కాండం కోసమే తెల్లకాండం తొలిచే పురుగు వెతుక్కుంటూ వస్తుంది. దీని తల్లి పురుగులు ఏటా రెండు విడతలుగా, ఏప్రిల్–మేలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి ఎగురుతాయి. అంటే మన తుపానుల కాలమూ ఈ పురుగు గుడ్లు పెట్టే కాలమూ ఒకటే. కూలిన చెట్లు తీసిన వెంటనే, నీడ పోయిన భాగంలోని మొక్కల కాండానికి, మందమైన కొమ్మలకు పది శాతం సున్నపు నీరు, అంటే పది లీటర్లకు కిలో సున్నం చొప్పున పూయడం ఎరువుల కన్నా ముందు చేయవలసిన పని. అప్పటికే ఆకు పసుపుపచ్చబడి, కాండం మీద ఉబ్బిన వలయాలు కనిపించే మొక్కను వేళ్లతో తీసి కాల్చివేయాలి.

రాలిన కాయల్లో పండినవి ఏరిన రోజే పల్పింగుకు (పండు తొక్క తీయించడానికి) పంపవచ్చు; పచ్చివాటికి ధర రాదు, మంచి పండ్లతో కలిపితే ఆ రాశి ధర కూడా పడిపోతుంది. అయినా పచ్చివాటిని నేల మీద వదలకూడదు. అరకు ప్రాంతంలో 2025లో కనిపించిన కాయ తొలిచే పురుగు రాలిన కాయల్లోనే దాగి మరుసటి పంటకు ఎక్కుతుంది కనుక, వాటిని ఏరి వేడినీళ్లలో ముంచి గోతిలో పూడ్చాలి. చెట్టుతో పాటు నేలకొరిగిన మిరియాల తీగకు వేరు తెగకపోతే, దానిని విప్పి దగ్గరలోని బతికిన చెట్టుకు పాకించవచ్చు.

కాగితాలు

నష్టపరిహారం లెక్క ఫోటోతో మొదలవుతుంది. పంట నష్టం 33 శాతానికి తగ్గితే పెట్టుబడి రాయితీకి అర్హత ఉండదు కనుక, తోటంతా కనిపించేలా ఒక ఫోటో, పడిన చెట్ల లెక్క కోసం వరుస వరుసకూ ఒకటి, పట్టాదారు నిలబడి ఉండగా ఒకటి తీసి, గ్రామ సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో పేరు నమోదయిందో లేదో స్వయంగా చూసుకోవాలి. అటవీ హక్కుల పట్టా ఉన్నవారు దాని నకలును ప్లాస్టిక్ సంచిలో దాచుకుని తమతో ఉంచుకోవాలి. పశువు చచ్చిపోతే పూడ్చక ముందే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేసి పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. కొండ మీదికి వైద్యుడు రాలేని పక్షంలో సర్పంచి సమక్షంలో పంచనామా రాయించి ఫోటో తీసి ఉంచితే అడగడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

పనుల హడావిడిలో జ్వరాన్ని అలసటగా తీసిపారేయవద్దు. మలేరియా సంగతి అందరికీ తెలిసినదే, స్క్రబ్ టైఫస్ సంగతి తక్కువమందికి తెలుసు: పొదల్లోని నల్లిలాంటి చిన్న పురుగు పిల్ల కుట్టిన చోట కాలిన మచ్చలాంటి నల్లని పొక్కు ఏర్పడి, వారం పది రోజులకు తీవ్ర జ్వరం వస్తుంది. చెత్త, పొదలు తొలగించినవారికి జ్వరం వస్తే చంకల్లో, గజ్జల్లో, నడుము చుట్టూ ఆ మచ్చ కోసం వెతికి ఆశా కార్యకర్తకు చూపించాలి. సకాలంలో మందు పడితే తేలికగా తగ్గుతుంది.

నీడచెట్లను తిరిగి నాటే పని జూన్ తొలకరికి ఆగాలి. ఆ లోపల వేసవి ఎండను ఆపడానికి, కొట్టిన కొమ్మలను, ఆకును కాల్చకుండా కాఫీ మొక్కల మొదళ్ల చుట్టూ పరిచి ఉంచాలి. త్వరగా నీడ రావడానికి దాదప్ అనే నీడచెట్టు కొమ్మలు, పొడవుగా ఎదగడానికి సిల్వర్ ఓక్ నాటినా, పనస, నేరేడు, మామిడి మొక్కలను వాటి మధ్య తప్పకుండా కలపమని నా సలహా. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ నిటారుగా, వేగంగా పెరుగుతుంది, మిరియాలకు బాగా పనికివస్తుంది, కలప డబ్బు కూడా తెస్తుంది. కానీ ఒకే జాతి, ఒకే ఎత్తు, ఒకే వయసు చెట్లతో నింపిన తోట పెద్ద గాలికి ఒకేసారి లొంగిపోతుంది. పనస మొక్కలకు గుంతలు మే నెలలోనే తీసి ఉంచుకుంటే మొదటి వానకే నాటవచ్చు.