ఆఫ్రికా జీడి పిక్కలు పలాసకు తెప్పించుకునేటప్పుడు

ఉద్దానం పిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటల్ని నేలకూల్చాక అదీ తగ్గింది. పలాస ఫ్యాక్టరీలు ఏడాదంతా నడవాలంటే ఆఫ్రికా సరుకు కావాల్సిందే. ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్‌లలో కోత ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగుతుంది. టాంజానియా పిక్క అక్టోబరు తర్వాత దిగుతుంది.

కొనేది పిక్క, అమ్మేది పప్పు. కాబట్టి టన్ను ధర కంటే ముందు అడగాల్సింది ఔట్‌టర్న్, అంటే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందనేది. దాన్ని తేల్చేది కటింగ్, అంటే నమూనా పిక్కల్ని కోసి చూసే పరీక్ష. సరుకు ఎక్కించే ముందు అది ఇలా చేయించండి. కనీసం పది బస్తాలకు ఒకటి చొప్పున విప్పి, పైనుంచే కాక మధ్యనుంచీ అడుగునుంచీ పిక్కలు తీసి టార్పాలిన్ మీద కలపాలి. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండింటిని ఉంచుకుంటూ, కిలో మిగిలేదాకా తగ్గించాలి. ముందు పిక్కలు లెక్కపెట్టండి. కిలోకి 210 దాటితే పిక్క సన్నం, పెద్ద గుండు పప్పు తక్కువ పడుతుంది. తర్వాత ఒక్కోటి కోసి పప్పు విడదీయాలి. మంచిది ఒక పక్క, మచ్చపడిందీ ముడుచుకుందీ ఇంకో పక్క, కుళ్లిందీ పురుగు తిన్నదీ వేరే. తాలు పిక్కకు లెక్కే లేదు. పొర తీయకుండానే తూకం వేయాలి. మంచి పప్పు 262 గ్రాములు, మచ్చది 20 గ్రాములు అనుకోండి. మచ్చదానికి సగమే కడతారు కాబట్టి మొత్తం 272. కిలోకి వచ్చిన ఈ గ్రాముల్ని 80 కిలోల బస్తాకు పౌండ్లలోకి మార్చే అంకె 0.1764. దాంతో హెచ్చవేస్తే సుమారు 48 పౌండ్లు.

తడి పిక్కలో పప్పు బరువెక్కి ఔట్‌టర్న్ లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని కోసే ముందే తేమ చూడాలి. పది శాతం మించితే ఆ లాటు వదిలేయడమే మంచిది.

ఒప్పందంలో 48 పౌండ్లకు ధర, అంతకు తగ్గితే ఆ నిష్పత్తిలో ధరలో కోత, 45 కంటే తక్కువైతే తిరస్కరణ అని రాయించండి. టన్ను 1500 డాలర్లకు మాట్లాడుకున్న సరుకు 46 పౌండ్లే తూగిందంటే టన్నుకు 62.50 డాలర్లు తగ్గించాలి. 25 టన్నుల కంటైనర్‌కు అది 1562 డాలర్లు. సీఎఫ్ఆర్ మీద, అంటే మన పోర్టు దాకా ఓడ కిరాయి అమ్మినవాడే కట్టే పద్ధతిలో కొంటే, సముద్రం మీద బీమా బాధ్యత మనదే, దాన్ని మరవొద్దు.

దారిలో ఎక్కువ సరుకు పాడయ్యేది కంటైనర్ లోపలి చెమటతో. పిక్కలోంచి లేచిన ఆవిరి రాత్రి చల్లబడ్డ పైకప్పుకు పట్టి, చుక్కలుగా బస్తాల మీద పడుతుంది. గోడలకూ నేలకూ మందపాటి క్రాఫ్ట్ కాగితం పరిపించాలి. తేమ పీల్చే సంచులు వేలాడదీయించాలి. పై వరసకూ కప్పుకూ మధ్య ఖాళీ ఉంచమనాలి. తలుపులు మూసేలోపు ఫొటోలు తెప్పించుకోండి.

నిల్వ లెక్క రోజుల్లో వేసుకోండి. రోజుకు 20 బస్తాలు ఆడే ఫ్యాక్టరీకి 25 టన్నుల కంటైనర్, అంటే సుమారు 312 బస్తాలు, పదిహేను రోజులకు మించి రాదు. అక్కడ లోడింగుకు 10 రోజులు, కొలంబోలో ఓడ మారి విశాఖ చేరడానికి 45, కస్టమ్స్, క్వారంటైన్ (చీడపీడల తనిఖీ)లకు 7, ఆలస్యానికి మరో 15 వేసుకుంటే 77 రోజులు. గోదాములోదీ ఓడలోదీ కలిపి 1540 బస్తాలకు దిగగానే కొత్త ఆర్డర్ పెట్టాలి. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు, అప్పటికి మరో వారం కలుపుకోండి.

దిగుమతి పర్మిట్ అవసరమైతే అది సరుకు ఓడ ఎక్కక ముందే చేతిలో ఉండాలి. ఫైటోశానిటరీ (సరుకుకు చీడపీడలు లేవనే), ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి పొగ పెట్టినట్టు చెప్పే) సర్టిఫికెట్లు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) నకళ్లు ముందుగా తెప్పించి, పేరు, బస్తాల సంఖ్య, బరువు అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో కస్టమ్స్ బ్రోకర్‌తో చూపించుకోండి. ఒక్క అంకె తేడా వచ్చినా కంటైనర్ పోర్టులో ఆగిపోతుంది, ఫ్రీ డేస్ (అద్దె లేకుండా ఉంచుకోనిచ్చే రోజులు) దాటగానే అద్దె మొదలవుతుంది. ఫ్రీ డేస్ 14కు తగ్గకుండా ముందే మాట్లాడుకోవాలి.

సరుకు తనిఖీ చేసే సర్వేయర్ రాకుండా కంటైనర్ సీలు తెంచొద్దు. సీలు నంబరు ఫొటో తీసి, అక్కడే రెండో కటింగ్ చేయించి, ఒప్పందంలోని గడువులోపే క్లెయిము పంపాలి. పలాస చేరిన పిక్కను అలాగే గుట్ట పెట్టకుండా సిమెంటు కళ్లంలో రెండు మూడు రోజులు ఎండబెట్టి, ఎనిమిది, తొమ్మిది శాతం తేమకు దించాకే చెక్క దిమ్మల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి.