విదేశాల నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తెస్తున్నారా? కస్టమ్స్ దగ్గర ఆగిపోకుండా ఇలా రండి

శంషాబాద్‌లో దిగాం, ఇమిగ్రేషన్ ముద్ర పడింది, బెల్టు మీద పెట్టెలు దొరికాయి. గాజు తలుపుల అవతల ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఓ అధికారి మన ట్రాలీని ఎక్స్‌రే వైపు తిప్పమంటారు. ఆ క్షణంలో ఎంత కంగారు పడతామో, ఎంత తేలిగ్గా బయటపడతామో అక్కడ తేలేది కాదు. వారం ముందు, విదేశంలో సామాన్లు సర్దుకునేటప్పుడే తేలిపోతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి తమ్ముడి కోసం ఒక ఫోన్, స్నేహితుడి కోసం ఇంకో ఫోన్ పట్టుకొచ్చాను. రెంటికీ బిల్లులు లేవు. స్నేహితుడి ఫోన్ పండగ తగ్గింపులో కొన్నది. అధికారి మర్యాదగానే మాట్లాడారు, బిల్లు అడిగారు. నేను చూపించలేకపోయాను. ఆయన ఆ మోడల్ అసలు ధర వెతికి దాని మీదే లెక్కకట్టారు. అలా మేం ఖర్చుపెట్టని డబ్బుకి కూడా సుంకం కట్టాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: మీ వాటా ఎంతో తెలుసుకోండి

విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల సరుకుకి ఒక పరిమితి ఉంది. 2016 బ్యాగేజీ నియమాల్లో అది 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరి 2 నుంచి కొత్త నియమాలు వచ్చి 75,000 అయింది. ఇది ఇక్కడ నివసించేవాళ్లకే కాదు, భారత మూలాలున్న పర్యాటకులకూ వర్తిస్తుంది. అంటే అమెరికా పాస్‌పోర్టుతో అమ్మానాన్నల్ని చూడటానికి వచ్చే మన పిల్లలకు కూడా. వేరే మూలాలున్న విదేశీ పర్యాటకులకు 25,000 మాత్రమే. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు తీసుకున్నాక ఒకసారి కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్ చూసుకోవడం మంచిది.

మీరు వాడుకుంటున్న బట్టలు, ఫోన్, చేతి గడియారం ఈ లెక్కలోకి రావు. అవి వాడిన సొంత వస్తువులు. వీటికి తోడు 18 ఏళ్లు నిండిన ప్రతి ప్రయాణికుడూ ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కొత్తదైనా సరే, అది 75,000లో కలవదు. రెండో ల్యాప్‌టాప్ కలుస్తుంది. ట్యాబ్లెట్‌ని కూడా ల్యాప్‌టాప్ అనొచ్చులే అని ఆశ పెట్టుకోకండి, దాన్ని 75,000లోనే వేసుకోండి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ కూడా వెంట ఉంటే కంపెనీ లెటర్‌హెడ్ మీద, సీరియల్ నంబరుతో ఒక ఉత్తరం తీసుకోండి.

చాలామంది పొరబడేది ఇంకొక చోట. డబ్బా పారేసి, సీలు తీసి, జేబులో వేసుకుంటే కొత్త ఫోన్ పాతదైపోతుందనుకుంటారు. విమానం ఎక్కే ముందు రోజు ఆన్ చేసిన ఫోన్ కొత్తదే. ఆరు నెలలుగా మీ సిమ్ముతో, మీ ఫొటోలతో మీ చేతిలో ఉన్న ఫోనే వాడిన వస్తువు.

రెండో పని: కాగితం మీద లెక్క వేయండి

పరిమితి దాటిన విలువ మీద 35 శాతం సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి పడతాయి. రెండూ కలిపి 38.5 శాతం.

ఉదాహరణకి ఒకరే 95,000 విలువైన కొత్త ఫోన్, 25,000 విలువైన హెడ్‌ఫోన్స్ తెస్తున్నారనుకుందాం. మొత్తం 1,20,000. అందులో 75,000 తీసేస్తే మిగిలేది 45,000. దాని మీద సుంకం 17,325 రూపాయలు.

అదే భార్యాభర్తలు ఇద్దరూ వస్తూ, ఫోన్ ఆయనదిగా, హెడ్‌ఫోన్స్ ఆమెవిగా ఉంటే? ఆయనకి 20,000 మీద 7,700 పడుతుంది, ఆమెకి ఏమీ పడదు. అయితే ఇద్దరి వాటాలూ కలిపి లక్షన్నర అని చెప్పి ఒక్క ఫోన్ మీద వాడుకోవడం కుదరదు. వాటాలు కలపకూడదని నియమాల్లో స్పష్టంగా ఉంది. రెండేళ్లలోపు పసిపిల్లల పేరు మీద వాళ్లు వాడిన వస్తువులకే మినహాయింపు.

ఈ లెక్క వేశాక ఇంకో మాట అడగండి: ఆ వస్తువు ఇక్కడే కొంటే ఎంత? విదేశంలో కొన్న ధరకి 38.5 శాతం కలిపితే చాలాసార్లు హైదరాబాదు దుకాణంలో, ఇక్కడి వారంటీతో వచ్చేదే చౌక.

టీవీకి ఈ మినహాయింపు లేదు

గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే కరీంనగర్, జగిత్యాల, కోనసీమ, కడప వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2013 ఆగస్టు నుంచి ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ, ప్లాస్మా టీవీలను ఉచిత పరిమితి నుంచి తీసేశారు. 40,000 విలువైన టీవీ తెస్తే, చేతిలో ఇంకేమీ లేకపోయినా, మొత్తం విలువ మీద 15,400 కట్టాల్సిందే. రెండేళ్ల కష్టం తర్వాత ఇంటికి టీవీతో వెళ్లాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. ఆ డబ్బు పంపి ఇక్కడే కొనమనండి.

ఏళ్ల తరబడి ఉండి, ఉద్యోగం వదిలేసి శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకి వేరే రాయితీలున్నాయి. బయట ఎంతకాలం ఉన్నారన్నదాన్ని బట్టి అవి మారతాయి. అలాంటివారు పాత పాస్‌పోర్టు, వీసా కాగితాలు వెంట పెట్టుకోవాలి.

మూడో పని: ఎవరి ఫోన్ మోస్తున్నారో తేల్చుకోండి

మనవాళ్లలో ఎవరైనా డాలస్ నుంచో, దుబాయ్ నుంచో బయల్దేరుతున్నారని తెలిస్తే చాలు. పిన్నిగారబ్బాయికి ఐఫోన్, మావయ్యకి వాచీ, పక్కింటి వాళ్ల అమ్మాయికి ట్యాబ్. కాదనలేం. కానీ కస్టమ్స్ బల్ల దగ్గర ఆ బంధుత్వాలు కనిపించవు. ఎవరి పెట్టెలో ఉంటే సరుకు వాళ్లది, సుంకమూ వాళ్లదే. మూడు నాలుగు కొత్త ఫోన్లు ఒకే పెట్టెలో కనిపిస్తే అమ్మకానికి తెస్తున్నారన్న అనుమానం రావడం సహజం. వ్యాపార సరుకుకి బ్యాగేజీ రాయితీ ఉండదు.

అందుకే ముందే చెప్పేయండి: "మావయ్యా, నా వాటాలో ఇంత ఖాళీ ఉంది. అంతకు మించితే సుంకం మీరు కట్టుకోవాలి, బిల్లు ముందే వాట్సాప్‌లో పంపాలి." మాట మొహమాటంగా ఉన్నా, విమానాశ్రయంలో పదిహేడు వేలు జేబులోంచి కట్టి, తర్వాత ఆ డబ్బు అడగలేక లోలోపల కుమిలిపోవడం కంటే ఇది నయం. సీలు వేసి ఇచ్చిన పొట్లం మాత్రం ఎంత దగ్గరివాళ్లిచ్చినా తీసుకోకండి. విప్పి చూపిస్తేనే పెట్టెలో పెట్టండి.

నాలుగో పని: కాగితాలు

ప్రతి కొత్త వస్తువుకీ బిల్లు, ఆ బిల్లు మీద మోడల్ పేరు. ఫోన్‌కైతే *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) బిల్లుతో సరిపోతోందో చూసుకోండి. ఫోన్‌లో ఫొటోతో పాటు అచ్చు కాపీ కూడా పెట్టుకోండి, దిగేసరికి బ్యాటరీ అయిపోవచ్చు. కొన్నది డాలర్లలోనో దిర్హాముల్లోనో అయినా, రూపాయల విలువ కస్టమ్స్ వాళ్లు ప్రకటించిన మారకపు రేటుతో కడతారు. బ్యాంకు రేటుతో వేసిన మీ లెక్కకి కాస్త తేడా రావచ్చు.

ఇక్కడి నుంచి ఖరీదైన వస్తువులు తీసుకెళ్లి తిరిగి తెచ్చేవాళ్లకి వేరే జాగ్రత్త కావాలి. అమెరికాలో పెళ్లి తీయడానికి కెమెరాలు, లెన్సులతో వెళ్లే మన ఫొటోగ్రాఫర్లే ఉదాహరణ. వెళ్లే రోజు చెక్ ఇన్‌లో పెట్టెలు ఇచ్చేయకముందే డిపార్చర్స్‌లోని కస్టమ్స్ అధికారి దగ్గరకి వెళ్లి, వస్తువులు చూపించి, సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. అది ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఇది ఇక్కడిదేనని వాదించనక్కర్లేదు. దీనికి ఒక గంట అదనంగా పెట్టుకుని బయల్దేరండి. ఇక్కడ కొన్నప్పటి జీఎస్టీ బిల్లు కాపీ కూడా దగ్గరుంచుకోండి.

ఐదో పని: అసలు తేకూడనివి

డబ్బు కట్టినా వదలనివి కొన్ని ఉన్నాయి.

డ్రోన్లు మొదటివి. తయారై ఉన్న డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. పిల్లాడి పుట్టినరోజుకని చిన్న డ్రోన్ తెచ్చినా జప్తు తప్పకపోవచ్చు.

శాటిలైట్ ఫోన్లు ఇంకా ప్రమాదం. టెలికాం శాఖ అనుమతి లేకుండా తెస్తే అరెస్టు దాకా వెళ్తుంది. ట్రెకింగ్‌కి వెళ్లేవాళ్లు వాడే శాటిలైట్ మెసేజ్ పరికరాలతో పట్టుబడినవాళ్లూ ఉన్నారు. ఎలక్ట్రానిక్ సిగరెట్లు, వేప్‌లు 2019 చట్టం ప్రకారం నిషిద్ధం.

పొరపాటున అలాంటిది వెంట ఉంటే దాచకండి. దిగగానే నిజం చెప్పి డిక్లేర్ చేసినవాళ్లు, ఆ వస్తువుని కస్టమ్స్ దగ్గర ఉంచి, దేశం వదిలి వెళ్లేటప్పుడు తిరిగి ఇమ్మని కోరడానికి 1962 కస్టమ్స్ చట్టంలోని 80వ సెక్షన్ వీలిస్తుంది. సెలవులకి డ్రోన్‌తో వచ్చే ఎన్నారైలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పవర్ బ్యాంకు సంగతి కస్టమ్స్‌ది కాదు, విమాన భద్రతది. అయినా ప్రయాణం అక్కడే ఆగుతుంది కాబట్టి చెబుతున్నాను: చేతి సంచిలోనే పెట్టాలి, చెక్ ఇన్ పెట్టెలో వద్దు. 100 వాట్ అవర్ (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) వరకు ఇబ్బంది లేదు, 160 దాటితే తీసుకెళ్లనివ్వరు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్ అవర్‌కి వస్తుంది.

దిగాక

ఢిల్లీలోనో ముంబైలోనో దిగి దేశీయ విమానంలో హైదరాబాద్, విశాఖ, గన్నవరం వచ్చేవాళ్లు సాధారణంగా ఆ మొదటి ఊళ్లోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి. తర్వాతి విమానానికి రెండు గంటల వ్యవధే పెట్టుకుంటే చాలదు.

కస్టమ్స్ దగ్గర బయటికి రెండు దారులుంటాయి: వాటా దాటిన సరుకుంటే రెడ్ ఛానెల్, లేకపోతే గ్రీన్ ఛానెల్. గ్రీన్‌లో నడవడమే 'నా దగ్గర సుంకం కట్టాల్సింది లేదు' అని చెప్పినట్టు. అది అబద్ధమని తేలితే సరుకు జప్తు చేయవచ్చు, దాన్ని విడిపించుకోవడానికి జరిమానా, పైన పెనాల్టీ, సుంకం ఎటూ తప్పదు. రెడ్‌లోకి వెళ్లడం నేరం ఒప్పుకోవడం కాదు. డిక్లరేషన్‌ని కస్టమ్స్ వాళ్ల 'అతిథి' యాప్‌లో ముందే నింపుకుంటే అక్కడ నిలబడే సమయం తగ్గుతుంది.

బల్ల దగ్గర మీరే ముందు మాట్లాడండి: "కొత్త ఫోన్ ఒకటి, హెడ్‌ఫోన్స్ ఒకటి, ఇవి బిల్లులు. మిగతావన్నీ వాడినవి." అడగకముందే బిల్లు చేతికిస్తే సంభాషణ అక్కడికే తేలికవుతుంది. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే బిల్లు చూపించి మళ్లీ చూడమని మర్యాదగా అడగొచ్చు. ఎవరికైనా చేతిలో డబ్బు పెట్టి బయటపడదామని మాత్రం అనుకోకండి.

కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. అందులో వస్తువు పేరు, మోడల్ సరిగ్గా పడ్డాయో అక్కడే చదివి చూసుకోండి. ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చే ముందే ఆ రసీదుకి ఒక ఫొటో తీసి, ఆ ఫోన్ కొన్న బిల్లు పక్కనే దాచుకోండి. వచ్చే ఏడాది అదే ఫోన్‌తో మళ్లీ వెళ్లి వస్తుంటే ఎవరైనా అడిగితే చూపించడానికి అది ఉంటుంది.