అయోడిన్ వాల్యూ కుదరడం లేదా? నూనెను అనుమానించే ముందు విజ్ సీసాను చేత్తో పట్టుకుని చూడండి

అయోడిన్ వాల్యూ అంటే 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను తాగుతుందో చెప్పే అంకె. “అయోడిన్ వాల్యూ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, ఏం చేయాలి?” అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: బ్లాంక్ (నూనె వేయకుండా అదే ద్రావణంతో చేసే కొలత) ఎప్పుడు చేశారు? “పొద్దున చేశాం” అంటారు. కొందరు “సోమవారం చేశాం, ద్రావణం అదే కదా” అంటారు. సగం సమస్యలు ఆ జవాబులోనే ఉంటాయి. ఇన్నేళ్లుగా చెబుతున్నా ఈ ఒక్క పనినే అందరూ దాటేస్తున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను. టైట్రేషన్ చేయడం, త్రాసు వాడటం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

ముందు, నూనెకు పోసే రియేజెంట్ అయిన విజ్ ద్రావణంలో ఏముందో గుర్తు చేసుకుందాం. గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్‌లో కరిగిన అయోడిన్ మోనోక్లోరైడ్. రెండు వేర్వేరు హాలోజన్లు ఒకదానితో ఒకటి కలిసిన పదార్థం ఇది. గే-లుస్సాక్ దీన్ని 1814లోనే కనుక్కున్నాడు. అయోడిన్ ఒక్కటే అయితే నూనెలోని ద్విబంధంతో బద్ధకంగా కలుస్తుంది. క్లోరిన్ ఒక్కటే అయితే మరీ దూకుడు, ద్విబంధంతో ఆగకుండా హైడ్రోజన్‌ను తోసేసి ఆ చోట్లో కూర్చుంటుంది. ఈ రెండూ జంటగా ఉన్నప్పుడు క్లోరిన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది, అయోడిన్ మీద కొంచెం ధనావేశం మిగులుతుంది. ద్విబంధానికి కావలసింది అదే. అందుకే ఈ జంట చకచకా, దాదాపు లెక్క ప్రకారం కలుస్తుంది.

కలవగా మిగిలినదానికి పొటాషియం అయోడైడ్ పోస్తే అయోడిన్ విడుదలవుతుంది, దాన్ని థయోసల్ఫేట్‌తో కొలుస్తాం. బ్లాంక్ రీడింగ్‌లోంచి శాంపుల్ రీడింగ్ తీసేసి, నార్మాలిటీతోనూ 12.69తోనూ గుణించి, బరువుతో భాగిస్తాం. అంటే నూనె ఎంత తాగిందో మనం నేరుగా కొలవడం లేదు, రెండు పెద్ద అంకెల మధ్య తేడాను చూస్తున్నాం. ఆ రెండింటిలో ఏది కాస్త కదిలినా జవాబు చాలా కదులుతుంది.

లక్షణం: స్టార్చ్ నీలం పోయింది, రెండు నిమిషాల్లో మళ్లీ వచ్చింది

ఇది చిన్న విషయం. అయోడిన్‌కు నీటికంటే, నూనెను కరిగించడానికి పోసిన సైక్లోహెక్సేన్ అంటేనే ఇష్టం. పై పొరలో గులాబీ ఛాయతో దాక్కుని ఉంటుంది, కింద నీళ్లు తేటగా కనబడగానే మనం ఆపేస్తాం. పసుపు దాదాపు పోయాక స్టాపర్ పెట్టి ఫ్లాస్క్‌ను గట్టిగా కుదపండి. మెల్లగా తిప్పితే చాలదు. కుదిపాక స్టార్చ్ వేసి, ఒక్కో చుక్కకూ మళ్లీ కుదపండి. రెండు పొరల్లోనూ రంగు లేదంటేనే అయిపోయినట్టు.

లక్షణం: విలువ ఎప్పుడూ తక్కువగానే వస్తోంది

ముందు మీ పుస్తకంలో శాంపుల్ రీడింగ్ చూడండి. అది బ్లాంక్‌లో సగం కంటే తక్కువుంటే నూనె ఎక్కువ తూచారన్నమాట. ఇంకేమీ వెతకక్కర్లేదు. చివరి ద్విబంధాలు పూర్తిగా కలవాలంటే రియేజెంట్ బాగా మిగలాలి. 0.2 నార్మల్ విజ్ ద్రావణం 25 మి.లీ. పోస్తున్నారనుకుంటే, పొద్దుతిరుగుడు నూనె 0.18 నుంచి 0.2 గ్రా. చాలు. పామాయిల్ 0.45 గ్రా. దగ్గర, అవిసె నూనె 0.13 గ్రా. దగ్గర తీసుకోండి. కొబ్బరినూనె మాత్రం రెండున్నర గ్రాములైనా పరవాలేదు. “ఎక్కువ తూస్తే తూకంలో తప్పు తగ్గుతుంది కదా” అనేవాళ్లున్నారు. తూకంలో తప్పు తగ్గుతుంది, జవాబులో తప్పు పెరుగుతుంది.

తూకం సరిగానే ఉంటే, విజ్ ద్రావణం పోశాక ఫ్లాస్క్‌ను చీకట్లో ఎంతసేపు ఉంచారో చూడండి. ఆ తర్వాత తడి. తడి గురించి కింద విడిగా రాశాను.

లక్షణం: పొద్దున ఒక విలువ, మధ్యాహ్నం ఇంకో విలువ

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

ఒకప్పుడు నేను పనిచేసిన ల్యాబులో ఒకే పొద్దుతిరుగుడు నూనె పొద్దున 131.8, మధ్యాహ్నం 134.2 వచ్చేది. మర్నాడు పొద్దున మళ్లీ 132 దగ్గరికి. నూనె మారలేదు, చేసేది నేనే, పిపెట్ అదే. త్రాసును అనుమానించాను. థయోను మళ్లీ స్టాండర్డైజ్ చేశాను. కొత్త పొటాషియం అయోడైడ్ తెరిచాను. వారం రోజులు పోయాయి, టెన్షన్ పెరిగింది తప్ప అంకె కుదరలేదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం సీసాను షెల్ఫ్ మీంచి తీస్తుంటే చేతికి వెచ్చగా తగిలింది. ఆ షెల్ఫ్‌కు అవతల పక్క ఓవెన్ ఉంది. పొద్దున 22 డిగ్రీలున్న ద్రావణం మధ్యాహ్నానికి 30 డిగ్రీలైంది. బ్లాంక్ మాత్రం పొద్దున చేసిందే.

ఎసిటిక్ ఆసిడ్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. ఒక్కో డిగ్రీకి దాని ఘనపరిమాణం దాదాపు 0.00107 వంతు పెరుగుతుంది. గది వేడిలో నీటితో పోలిస్తే ఇది సుమారు 4 రెట్లు. 8 డిగ్రీలు పెరిగితే 25 మి.లీ. పిపెట్‌లో పట్టే అసలు రియేజెంట్ 0.86 శాతం తగ్గిపోతుంది. గీత దగ్గరే ఆపాం, 25 మి.లీ. సరిగ్గానే ఉంది, కానీ లోపల సరుకు తక్కువ. 50 మి.లీ. రావలసిన బ్లాంక్ ఆ సమయానికి 49.57 మాత్రమే వస్తుంది. మనం మాత్రం పొద్దుటి 50 లోంచే తీసేస్తున్నాం. ఆ 0.43 మి.లీ. తేడా అంతా నూనె తాగినట్టు లెక్కలోకి వస్తుంది. 0.2 గ్రాముల శాంపుల్ మీద అది 2.7 యూనిట్లు. బ్యూరెట్‌లో థయో కూడా కాస్త వ్యాకోచిస్తుంది కాబట్టి కొంత తగ్గి రెండున్నర దగ్గర తేలుతుంది. నా పుస్తకంలో ఉన్న తేడా అదే.

తిరగేసి చూసినా ఇంతే. చల్లని గదిలోంచి సీసా తెచ్చి వెంటనే శాంపుల్‌కు పోసి, బ్లాంక్ మాత్రం గంట తర్వాత చేస్తే విలువ తక్కువ వస్తుంది. ఎక్కువా తక్కువా రెండూ వస్తుండటం వల్లే దీన్ని పట్టుకోవడం కష్టం. చేతి తప్పులా కనిపిస్తుంది, కొత్తగా చేరినవాళ్ల మీదకి వెళ్లిపోతుంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే చాలాసార్లు వాళ్లు సరిగ్గానే చేసి ఉంటారు.

దీనికే ఇంకో రూపముంది. గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్ 16.6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. విజ్ సీసాను ఫ్రిజ్‌లో పెడితే, లేదా చలి రాత్రి గదిలో వదిలేస్తే, అడుగున కొన్ని స్ఫటికాలు కనిపించవచ్చు. అవి ఎక్కువగా ఎసిటిక్ ఆసిడ్‌వే, అయోడిన్ మోనోక్లోరైడ్ పైన మిగిలిన ద్రవంలోనే ఉండిపోతుంది. అంటే ఆ ద్రవం చిక్కబడింది. పొద్దున తొందరలో పైనుంచి పిపెట్ చేసుకుని బ్లాంక్ చేశారు, మధ్యాహ్నానికి స్ఫటికాలు కరిగి ద్రావణం మామూలైంది, అప్పుడు శాంపుల్ చేశారు. ఇక ఆ బ్లాంక్‌కూ ఈ శాంపుల్‌కూ సంబంధమే లేదు. స్ఫటికాలు కనబడితే సీసాను మూత బిగించి గది వేడికి పూర్తిగా రానిచ్చి, బాగా కలిపాకే తెరవండి.

పరిష్కారానికి ఖర్చు లేదు. పనికి గంట ముందు విజ్ సీసాను ఫ్లాస్క్‌ల పక్కనే బల్ల మీద పెట్టండి, కిటికీకీ ఓవెన్‌కూ దూరంగా. ప్రతి బ్యాచ్‌కూ మొదట ఒక బ్లాంక్, చివర ఒక బ్లాంక్ పోయండి, రెండింటి సగటు వాడండి. ఆ రెంటి మధ్య తేడా 0.2 మి.లీ. దాటితే లెక్క వేయకుండా కారణం వెతకండి. బ్లాంక్‌కూ శాంపుల్‌కూ ఒకే పిపెట్ వాడండి. ఈ ఆసిడ్ నీళ్లలా జారిపోదు, పిపెట్ గోడకు పట్టుకుని నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి మొన ఫ్లాస్క్ గోడకు ఆనించి ప్రతిసారీ ఒకే సమయం ఆగండి. మీ పిపెట్ నిజంగా 25 మి.లీ. కాక 24.9 ఇస్తున్నా నష్టం లేదు, రెండు వైపులా అదే 24.9 అయితే తేడాలో కొట్టుకుపోతుంది. వేడికి గుణకం కట్టి బ్లాంక్‌ను సరిదిద్దే ప్రయత్నం మాత్రం చేయకండి. ఇంకో బ్లాంక్ పోయడానికి పట్టే సమయం దానికంటే తక్కువ.

లక్షణం: బ్లాంక్ బంగారంలా ఉంది, అయినా విలువ తక్కువ

తడి కథ ఇక్కడ మొదలవుతుంది. “బ్లాంక్ మారలేదు, కాబట్టి ద్రావణం బాగుంది” అనే మాట నమ్మకండి.

అయోడిన్ మోనోక్లోరైడ్‌కు నీళ్లు తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అయోడిక్ ఆమ్లం, అయోడిన్‌గా విడిపోతుంది. 5 అణువులు పోతే 1 అయోడిక్ ఆమ్లం అణువు, 2 అయోడిన్ అణువులు వస్తాయి. ఇప్పుడు లెక్క చూడండి. ఆ 5 అణువులూ పొటాషియం అయోడైడ్‌తో 5 అయోడిన్ అణువులు ఇచ్చి ఉండేవి. విడిపోయాక, అయోడిక్ ఆమ్లం అదే అయోడైడ్‌తో కలిసి 3 అయోడిన్ అణువులు ఇస్తుంది, ముందే ఉన్న 2 కలిపితే మళ్లీ 5. థయోకు తేడా తెలియదు. నూనెకు తెలుస్తుంది: అయోడిక్ ఆమ్లం ద్విబంధంతో ఇలా కలవదు, అయోడిన్ సరిగా కలవదు. పని చేసే సరుకు తగ్గింది, కొలత మాత్రం కదల్లేదు.

ఈ నష్టాన్ని బ్లాంక్ ఎప్పటికీ చూపలేదు కాబట్టి, విలువ ముందే తెలిసిన నూనె ఒకటి పక్కన ఉంచుకుని ప్రతి బ్యాచ్‌లోనూ చేయండి. అది కూడా తక్కువ వస్తే తప్పు రియేజెంట్‌లోనో ఫ్లాస్క్‌లోనో ఉంది. ఫ్లాస్క్‌లను కడిగి బోర్లించి వదిలేయడం చాలదు, ఓవెన్‌లో ఆరబెట్టి చల్లార్చండి. పిపెట్‌ను నీళ్లతో కడిగిన వెంటనే సీసాలో ముంచకండి. శాంపుల్‌లో తేమ ఉంటే ముందు దాన్ని తీసేసి ఫిల్టర్ చేయండి.

లక్షణం: బ్లాంక్ రోజురోజుకూ పడిపోతోంది

మూత చూడండి. రబ్బరు బిరడా పెట్టారా? సహజ రబ్బరు నిండా ద్విబంధాలే, అదీ నూనెలాగే రియేజెంట్‌ను తాగుతుంది. బెండు బిరడానూ ఇది తినేస్తుంది. గాజు స్టాపర్, ముదురు గోధుమరంగు సీసా వాడండి. మూత సరిగానే ఉంటే ఎసిటిక్ ఆసిడ్‌లో ఆక్సీకరణం చెందే మలినాలు ఉన్నాయేమో డైక్రోమేట్ పరీక్ష చేయండి, ఆకుపచ్చగా మారితే ఆ ఆసిడ్ పనికిరాదు.

అరుదైనవి

విలువ ఎప్పుడూ ఎక్కువ వస్తోంది, ద్రావణం మీరే తయారుచేశారు అంటే క్లోరిన్ ఎక్కువ పోయి అయోడిన్ ట్రైక్లోరైడ్ ఏర్పడి ఉంటుంది. అయోడిన్ ద్రావణం కొంచెం విడిగా దాచి ఉంచి, మిగతాదానిలో క్లోరిన్ పంపాలి. టైటర్ (థయో రీడింగ్) మొదటిదానికి సరిగ్గా రెట్టింపు కావడానికి కాస్త ముందే ఆపాలి. దాటితే దాచినది కలపండి. కొద్దిగా అయోడిన్ ఎక్కువైనా పరవాలేదు, క్లోరిన్ మాత్రం ఎక్కువ కాకూడదు.

టంగ్ నూనెలాంటివాటిలో ద్విబంధాలు ఒక బంధం విడిచి ఒకటిగా, సంయుగ్మంగా ఉంటాయి, అక్కడ ఈ పద్ధతి అసలు విలువ ఇవ్వదు. మీ తప్పు కాదు.

శుద్ధ అయోడిన్ మోనోక్లోరైడ్ సీసా ఒకరోజు ఎర్రటి ద్రవంగా, ఇంకోరోజు గడ్డగా కనిపిస్తే పాడైందని పారబోయకండి. దాని స్థిరమైన రూపం 27.2 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇంకో రూపం 13.9 దగ్గరే కరుగుతుంది, గది వేడి అటూ ఇటూ అయినప్పుడల్లా అదీ మారుతుంది. ఫ్యూమ్ హుడ్‌లో గోరువెచ్చని చోట ఉంచితే పూర్తిగా కరుగుతుంది, అప్పుడు తూచుకోండి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, చర్మానికి తగిలితే కాలుతుంది.