నీలగిరి ఆవిరి రైలుతో షూటింగ్ ఎలా చేయాలి?

పాతకాలం కథ రాసుకున్న ప్రతి దర్శకుడికీ ఒక ఆవిరి రైలు కావాలి. పొగ కక్కుతూ మలుపు తిరుగుతుంది, హీరోయిన్ కిటికీలోంచి చూస్తుంది, హీరో ప్లాట్‌ఫారం మీద పరిగెడతాడు. కాగితం మీద మూడు లైన్లు. లొకేషన్‌కి వెళ్తే ఆ మూడు లైన్లకే పొద్దు గుంకుతుంది. తిరిగొచ్చి ఎడిటింగ్ రూములో చూసుకుంటే పొగ లేని చిమ్నీ, కెమెరాలోకి చూసే టూరిస్టులు. ఇలాంటి ఫుటేజీ చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. ఇదంతా తమిళనాడులోని మేట్టుపాళయం–ఊటీ లైను గురించే. వేరే లైనుకి వెళ్లేవాళ్లు అక్కడి పద్ధతి అక్కడ కనుక్కోండి.

ముందు లైను సంగతి. మొత్తం 46 కిలోమీటర్లు, మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం). కూనూర్ దాకా 1899లో, ఊటీ దాకా 1908లో రైలు వచ్చింది. 2005లో యునెస్కో జాబితాకెక్కింది. కల్లార్ నుంచి కూనూర్ వరకు రెండు పట్టాల నడుమ పళ్ల పట్టా ఉంటుంది. ఇంజన్ కిందున్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని కొండెక్కుతుంది. పన్నెండు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కేంత వాలు అది. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆవిరింజన్ మామూలుగా కూనూర్‌తోనే ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఊటీకి లాగేది డీజిల్. లవ్‌డేల్, కేత్తి స్టేషన్లు చూడముచ్చటగా ఉంటాయి కదా అని అక్కడ కెమెరా ట్రాలీకి పట్టాలు పరుచుకుని పొగ కోసం ఎదురుచూస్తే డీజిల్ హారన్ వినపడుతుంది.

అనుమతి. ఈ లైను దక్షిణ రైల్వే సేలం డివిజన్ కింద ఉంది. కథ సారాంశం, ఏ సీన్ ఏ స్టేషన్లో, ఎంతమంది, ఏం సామాను, ఇన్సూరెన్స్, డిపాజిట్ అన్నీ తయారుగా పెట్టుకోండి. ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ)లోని ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు ద్వారా కూడా అడగొచ్చు. పట్టాలు దాటి నాలుగడుగులు వేస్తే అడవి, దాని అనుమతి వేరు. కల్లార్ చుట్టుపక్కల ఏనుగులు తిరిగే దారులున్నాయి కాబట్టి డ్రోన్ సంగతి ముందే తేల్చుకోండి. దరఖాస్తులో రాయనిది అక్కడికెళ్లి అడగొద్దు. స్టేషన్ మాస్టర్ మంచివాడే అయినా ఆయన చేతిలో ఏమీ ఉండదు.

‘దిల్ సే’లో ‘ఛయ్య ఛయ్య’ పాట ఈ రైలు పైకప్పు మీదే తీశారు, మనమూ తీద్దాం అని ప్రతి యూనిట్‌లో ఒకరు అంటారు. రైలు పైకప్పు మీద, మెట్ల మీద ప్రయాణం రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద నేరం. ప్రత్యేకంగా అనుమతి దొరికితే సరే, లేకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి.

నెల. జనవరి, ఫిబ్రవరి. అంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి కొండచరియలు పట్టాల మీదికి జారి రైళ్లు రద్దవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో టూరిస్టుల రద్దీ. పైగా ఆవిరి తెల్లగా, దట్టంగా కనిపించాలంటే గాలి చల్లగా ఉండాలి. ఎండెక్కాక అదే ఆవిరి చిమ్నీ దాటగానే కలిసిపోతుంది. పొద్దున్నే, సూర్యుడు రైలు వెనక ఉండేలా కెమెరా పెట్టండి. ఎదురెండలో పెట్టాలా అని మీ కెమెరామన్ నసిగితే, ఆవిరి మెరిసేది అప్పుడేనని చెప్పండి.

ఇక అందరూ బోల్తాపడే చోటు. ఈ లైను మీద ఇంజన్ ఎప్పుడూ వాలుకి దిగువ వైపే ఉంటుంది. అంటే కొండెక్కేటప్పుడు రైలుకి వెనక ఉండి తోస్తుంది. ముందొచ్చేది పెట్టె. దాని బాల్కనీలో ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని బ్రేక్స్‌మన్ (పెట్టెకి చేత్తో బ్రేకు వేసే ఉద్యోగి) నిలబడి ఉంటాడు. పొగ కక్కుతూ ఇంజన్ ఎదురొచ్చే షాట్ ఎక్కేటప్పుడు రాదు. సరే, దిగేటప్పుడు తీద్దాం అంటారా? అప్పుడు ఇంజన్ ముందే ఉంటుంది. కానీ లాగే పని లేదు, రైలు జారిపోకుండా ఆపుకుంటూ దిగడమే దాని పని. చిమ్నీలోంచి పొగ పెద్దగా రాదు, ఆ ‘ఛుక్ ఛుక్’ చప్పుడూ ఉండదు. ఈ లైను మీద ఇంజన్ ముఖం, పొగ ఒకే షాట్‌లో దొరకవు. ఇది తెలియకుండా స్టోరీబోర్డు గీయించుకుని వచ్చి, లోకో పైలట్ (ఇంజన్ డ్రైవర్) మీద అరిచే అసిస్టెంట్లని చూస్తే జాలేస్తుంది.

మరి ఏం చేయాలి? ఎక్కే రైలుని ఎదురుగా కాదు, పక్కనుంచి తీయండి. లోయకి అవతలి గట్టు మీదో, వంతెనకి దిగువనో లాంగ్ లెన్స్ పెట్టండి. పెట్టెలు నాలుగైదే కాబట్టి రైలు మొత్తం ఫ్రేములో పడుతుంది, వెనక ఇంజన్ ప్రాణం పెట్టి తోస్తున్నది కనిపిస్తుంది. ఇంజన్ ఎదురుగా కావాలంటే స్టేషన్లో బయల్దేరే క్షణం తీయండి. సిలిండర్ కాక్‌లు (ఇంజన్ సిలిండర్లకి ఉండే చిన్న కుళాయిలు) తెరిస్తే పక్కలనుంచి తెల్లటి మేఘాలు ఎగజిమ్ముతాయి. ముందు రోజే మర్యాదగా అడిగితే కాదనరు. నల్లటి పొగ మాత్రం అడగొద్దు. అది సరిగ్గా మండని మంట, మంచి డ్రైవర్‌కి అవమానం. బొగ్గు పారతో వేసే షాట్ ఉంటే, ఆ రోజు వచ్చే ఇంజన్ ఏదో ముందు కనుక్కోండి. ఈ లైను మీది ఆవిరింజన్లలో (ఎక్స్ క్లాస్ అంటారు) కొన్ని ఇప్పుడు ఆయిల్‌తో నడుస్తున్నాయి. బొగ్గూ ఉండదు, పారా ఉండదు.

ఇంజనే ముందుండాలి, రైలు పక్కన జీపు పరిగెత్తాలి అన్నది కథకి తప్పనిసరైతే డార్జిలింగ్ వెళ్లండి. 1881 నాటి ఆ లైను చాలా దూరం రోడ్డు పక్కనే నడుస్తుంది. హిందీ ‘ఆరాధన’లో జీపు పాట అక్కడ తీసిందే. అందులో కిటికీలో కనిపించే హీరోయిన్ షాట్లు స్టూడియోలో తీసినవి. ఎవరికీ తేడా తెలియలేదు. అందుకే నేనంటాను: కిటికీ క్లోజప్పులు అసలు రైల్లో తీయొద్దు. పెట్టె లోపలి సెట్ వేసి, కిటికీ బయట లైటు కదిపి తీసుకోండి. ఆగి ఉన్న రైలు, ప్లాట్‌ఫారం మీద జనం, వీడ్కోలు, ఇంతే కావాలంటే రామోజీ ఫిల్మ్ సిటీలో రైల్వే స్టేషన్ సెట్ ఉండనే ఉంది, కొండ దాకా పోనక్కర్లేదు. గ్రాఫిక్స్‌లో చేసేద్దాం అనే వాళ్లకి నా దగ్గర జవాబు లేదు. వాళ్లకి రైలు అక్కర్లేదు, రైలు బొమ్మ చాలు.

రీటేక్ అనే మాట గురించి. కారు రివర్స్ చేసినట్టు ఈ రైలు వెనక్కి రాదు. ఒంటి లైను, పళ్ల పట్టా, ప్రతి పెట్టె మీదా చేత్తో బ్రేకు వేసే మనిషి. వంద మీటర్లు వెనక్కి రావాలన్నా అందరికీ సమాచారం అందాలి, స్టేషన్ ఒప్పుకోవాలి. మామూలు సర్వీసు రైలుని తీస్తుంటే రీటేకే లేదు. ప్రత్యేక రైలు కట్టించుకున్నా, రోజువారీ రైలు వచ్చే వేళకి లైను ఖాళీ చేయాలి. అందుకని రైలు లేకుండా రిహార్సల్ చేయండి. ముందు రోజు సాయంత్రం ఖాళీ ప్లాట్‌ఫారం మీద అసిస్టెంట్ ఒకడు విజిల్ ఊదుకుంటూ రైలు వేగంతో నడవాలి, జూనియర్ ఆర్టిస్టులు వాడినే రైలనుకోవాలి. పళ్ల పట్టా మీద ఎక్కేటప్పుడు వేగం గంటకి 13 కిలోమీటర్లు దాటదు, నడిచేవాడు కొంచెం పరిగెడితే సరిపోతుంది. (హీరో ఆ రైలుని అందుకోలేక మోకాళ్ల మీద కూలబడే సీన్ రాసినవాళ్లు ఒకసారి ఆలోచించండి.) అసలు రోజు ఒక్క పరుగుకి కనీసం మూడు కెమెరాలు. ఒక కెమెరాతో మూడు టేకులు అనుకుంటే, రెండోది కూడా దొరక్కపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చేతులు. రెండు చేతులూ తల పైకెత్తి నిలబడటం రైల్వే నిబంధనల్లో పగటిపూట ‘ఆగు’ సిగ్నల్. ఎర్ర గుడ్డ ఊపినా అంతే. మన సినిమాల్లో వీడ్కోలు అంటే చేతులెత్తి ఊపడమే, చీర ఎర్రదే, గొడుగూ ఎర్రదే. బ్రేక్స్‌మన్‌కి అది నటన అని తెలియదు, తెలిసినా తీసిపారేయలేడు, అది ఆయన ఉద్యోగం. కాస్ట్యూమ్స్ వాళ్లకి ఎరుపు, ఆకుపచ్చ వద్దని చెప్పండి. తప్పదంటే ఏ చీర, ఏ చెయ్యి, ఎక్కడ అన్నది పొద్దున్నే బ్రేక్స్‌మన్‌లందరికీ చూపించండి. ‘యాక్షన్’ అని మీ దర్శకుడు ఎంత గట్టిగా అరిచినా రైలు కదలకూడదు. ఆ మాట రైల్వే వాళ్లు మీ వెంట పంపిన అధికారికి, ఆయన నుంచి గార్డుకి, గార్డు నుంచి లోకో పైలట్‌కి వెళ్లాలి. యూనిట్‌లో ఆ అధికారితో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. కెమెరామన్, కో-డైరెక్టర్, హీరో మేనేజర్ తలా ఒకటి చెబితే ఆయన రైలు ఆపేస్తాడు, ఆపడమే న్యాయం.

చప్పుడు విడిగా రికార్డు చేయండి. హిల్‌గ్రోవ్‌లో రైలు నీళ్లకి ఆగుతుంది, అప్పుడు ఇంజన్ ఊపిరి, నీళ్లు పట్టడం, బయల్దేరే ముందు కూత, అన్నీ దొరుకుతాయి. అక్కడ కోతులు ఎక్కువ, మైకు మీది బొచ్చు కవర్ జాగ్రత్త. లంచ్ ప్యాకెట్లు తెరవొద్దు. ప్యాకప్ అయ్యాక పెట్టెల గోడలకి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అంటించిన టేపులు, మేకులు, పాత బోర్డులు మీరే తీయించి, ఆ అధికారికి పెట్టె పెట్టెకీ తిప్పి చూపించి సంతకం పెట్టించుకోండి. డిపాజిట్ వెనక్కి రావాలంటే ఆ సంతకం కావాలి.