పాత ఫైబర్ బోటు కొంటున్నారా? ముందు లోపలి చెక్కను తట్టి చూడండి

మా శ్రీకాకుళం తీరంలో పాత బోట్ల బేరాలు ఎక్కువగా వేట నిషేధంలోనే తెగుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, నిషేధ భృతి చేతికొస్తుంది, నిషేధం ఎత్తేసిన రోజే అందరితో పాటు దిగాలని మనసు లాగుతుంది. ఆ తొందరలో నేనూ ఒకసారి మునిగాను. సముద్రంలో కాదు, బేరంలో.

ఆ బోటు తెల్లగా, నీలం గీతతో పెళ్ళికొడుకులా ఉండేది. లోపల కూడా కొత్త రంగు కొట్టారు. అమ్మేసే బోటుకి లోపల రంగెందుకని అప్పుడు నాకు తట్టలేదు. వేటకి దిగిన మొదటి నెలలోనే మోటారు బోల్టులు వదులవడం మొదలైంది. బిగించిన కొద్దీ వాషర్లు లోపలికి దిగిపోయేవి. ఒకరోజు కెరటం దాటుతుంటే మోటారు వెనక్కి వాలింది. ఎలాగో ఒడ్డుకు చేరి బోల్టు ఊడదీస్తే కన్నంలోంచి టీ డికాషన్‌లాంటి నీళ్ళు కారాయి. స్క్రూడ్రైవర్ పెడితే తడి పేడలోకి దిగినట్టు దిగింది. మా మావయ్య చూసి ఒక్కటే అడిగాడు: "రంగు సూసి కొన్నావు గానీ, చెక్క తట్టి సూసినావేట్రా?"

ఫైబర్ కుళ్ళదు, నిజమే. కానీ పాత బోట్లలో చాలావాటికి బలం లోపలున్న చెక్కదే. మోటారు బిగించే వెనక చెక్క ప్లైవుడ్‌దై ఉంటుంది, దానికి రెండు పక్కలా ఫైబర్ చుట్టి ఉంటుంది. అడుగున పొడవునా వేసిన దూలాలు, ఇంజిన్ కూర్చోబెట్టే దిమ్మ (ఇంజిన్ బెడ్), కూర్చునే అడ్డచెక్కలు కూడా చాలాసార్లు అంతే. కొన్ని బోట్లలో చెక్క బదులు ఫోమ్ వాడతారు. మీరు చూస్తున్నదాంట్లో ఏముందో అమ్మేవాణ్ణే కాదు, వీలైతే ఆ బోటు తయారుచేసిన యార్డులో కూడా అడగండి.

నీళ్ళు ఎక్కువగా బోల్టు కన్నాల్లోంచి, అడుగున నీళ్ళు తీసే బిరడా కన్నంలోంచి, పగుళ్ళలోంచి దిగుతాయి. చుట్టూ ఫైబర్ ఉండటంతో అలా వెళ్ళిన తడి బయటికి రాదు. ఒక మాట చాలామంది నమ్మరు గానీ, చెక్కని కుళ్ళబెట్టడంలో ఉప్పునీటి కంటే వాననీరే ఘోరం. చెక్కని తినే బూజుకి మంచినీళ్ళంటేనే ఇష్టం, ఉప్పు దానికి అంతగా పడదు. అందుకే వేటకి రోజూ వెళ్ళే బోటు కంటే, రెండు వానాకాలాలు ఇసుక మీద నోరు తెరుచుకుని వాననీళ్ళు నింపుకున్న బోటు మీదే నాకు ఎక్కువ అనుమానం. పోయిన అక్టోబరు, నవంబరు వానల్లో బోటు ఎక్కడ ఉంది, ఎలా ఉంది అని అడగండి. ఉద్దానం వైపు బోటైతే 2018 తిత్లీ తుపానులో దెబ్బతిందా, ఎక్కడ అతుకేశారు అన్నది కూడా.

ఇక తట్టడం. పది రూపాయల బిళ్ళ గానీ చిన్న సుత్తి పిడి గానీ చాలు. ముందు గట్టిగా ఉందని తెలిసిన చోట తట్టి ఆ చప్పుడు చెవిలో పెట్టుకోండి. గట్టి చెక్క మీద టక్‌టక్‌మని తేటగా పలుకుతుంది, కుళ్ళిన చోట డబ్‌మని చచ్చుగా వస్తుంది. వెనక చెక్కని బెత్తెడు బెత్తెడు దూరంలో పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి. చప్పుడు మారిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. కుళ్ళు ఎక్కువగా కింది అంచున, బోల్టుల చుట్టూ, బిరడా పక్కన దొరుకుతుంది. ఫోమ్ నింపిన చోట కూడా చప్పుడు మందంగానే ఉంటుంది కాబట్టి ఎడమవైపు ఎలా పలికిందో కుడివైపూ అలాగే పలుకుతోందా అని పోల్చుకోండి. కెరటాల హోరులో తేడా తెలియకపోతే చెవి ఆనించి వినండి. నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి.

తర్వాత మోటారు కింది భాగం పట్టుకుని ఒకరు పైకీ కిందికీ ఊపాలి, ఇంకొకరు వెనక చెక్క అంచు మీద చెయ్యి ఆనించి చూడాలి. చెక్క కదిలినా, అది అడుగుతోనూ పక్కలతోనూ కలిసే మూలల్లో వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించినా నమ్మకూడదు. అడుగు దూలాల సంగతి తెలియాలంటే బోటు లోపలి నేల మీద నడవండి. మెత్తగా దిగుతోందంటే కింద ఏదో ఊడింది. లోపలున్న ఇంజినైతే బెడ్ బోల్టుల దగ్గర తుప్పు మరకలు, గోధుమరంగు చెమ్మ ఉన్నాయేమో చూడండి.

అనుమానం తీరకపోతే యజమానిని అడిగి, లోపలి వైపు నుంచి 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో చిన్న కన్నం వేయండి. బయటి ఫైబర్ దాకా పోనివ్వకండి. పొట్టు పొడిగా, లేతరంగులో వస్తే సంతోషం. నల్లగా, తడిగా, ముక్కవాసనతో వచ్చిందా, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. కన్నాన్ని అదే రోజు ఎపాక్సీ జిగురుతో పూడ్చేయండి. కన్నం వేయనివ్వనంటే అది ఆయన బోటు, ఆయనిష్టం. నేనైతే అడ్వాన్స్ ఇవ్వను.

వెనక చెక్క ఒక్కటే పోతే బోటు వదిలేయాల్సిన పనిలేదు. రిపేరు ఖర్చు ముందే కనుక్కుని అంతా ధరలో తగ్గించమనండి. లోపలి ఫైబర్ కోసి, తడి చెక్కంతా తవ్వి, పూర్తిగా ఆరబెట్టి ఐఎస్ 710 ముద్రున్న మెరైన్ ప్లైవుడ్ వేయించాలి. మామూలు కమర్షియల్ ప్లై వద్దు. కుళ్ళు మీదే ఇంకో పొర ఫైబర్ అతికించడం రిపేరు కాదు, నాకు అంటగట్టిన బోటుకి చేసింది సరిగ్గా అదే. ఈ పని ఎండలుండగానే ముగించండి, వాన చెమ్మలో ఫైబర్ అతికించే రెజిన్ సరిగ్గా పట్టదు. వెనక చెక్కతో పాటు అడుగు దూలాలు కూడా పోతే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. రిజిస్ట్రేషన్ పేరు మార్పు మత్స్యశాఖ ఆఫీసులో అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇప్పుడున్న బోటుని వేట లేనప్పుడు ముక్కు పైకెత్తి, బిరడా తీసి ఉంచుతాను. మబ్బు పడితే చాలు, మా ఆవిడ ఆరేసిన బట్టల కంటే ముందు "బిరడా తీశావా?" అనే అడుగుతుంది.