అడవి రోడ్డు పక్కన నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం ఎలా

కొత్త రోడ్డు నీళ్లకు ఏం చేసిందో తెలియాలంటే వాన కురుస్తున్నప్పుడే వెళ్లాలి. ఎండాకాలం సర్వేల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ముందు ఎగువ అంచు వెంట నడవండి. వాలును తవ్విన చోట మట్టిగోడలోంచి నీరు కారుతోందా? అయితే నేలలోపల మెల్లగా దిగాల్సిన ఊట అక్కడే తెగి, సైడు కాలువలో పడి నేరుగా వాగులోకి పోతోందన్నమాట. దిగువన చెలమలు త్వరగా ఎండడానికి అదొక కారణం.

ఎక్కువ సేపు తూముల దగ్గర, అంటే రోడ్డు కింద నీరు దాటే పైపుల దగ్గర ఆగండి. ఎగువన నీళ్లు నిలిచి చెట్ల మొదళ్లు మునిగాయంటే తూము చిన్నదైనా అయ్యుండాలి, ఆకులూ కొమ్మలతో పూడైనా ఉండాలి. దిగువ మూతి కింద గుంత పడి పైపు గాల్లో తేలితే నీరు మరీ జోరుగా దూకుతున్నట్టు. అక్కడ పెద్ద రాళ్లు పరవాలి. వాగైతే పైపు మూతిని కూడా వాగు అడుగుభాగం మట్టానికి దించాలి, చాలా చేపలు ఆ ఎత్తు ఎక్కలేవు.

సైడు కాలువ నీటినంతా ఒక్కచోటికి తేకుండా మధ్యమధ్యలో చెట్లలోకి వదలమని అడగండి. ఆకులపొర ఉన్న నేల ఇంకించుకున్నంతగా లారీలు తొక్కిన నేల ఇంకించుకోదు. పని అయ్యాక మెషిన్లు తిరిగిన చోటును లోతుగా దున్నించాలి, కాంట్రాక్టరు సణిగినా సరే.